లిఫ్టాయన ఒక్క బటను రిమోటు

లిఫ్టాయన ఇంటి హాలు చిన్నది. అందులో ఆయన కట్టుకున్న సినిమా హాలు పెద్దది. ఒక గోడ నిండా టీవీ, దానికి రెండు వైపులా మనిషి రొమ్ము ఎత్తు స్పీకర్లు, సోఫా వెనక గోడకు ఇంకో జత, మూలన పూలకుండీ ఉండాల్సిన చోట గుబగుబలాడే నల్లపెట్టె ఒకటి. ఇన్నిటి చేతా మాట్లాడించే యాంప్లిఫయరు టీవీ బల్ల కింది అరలో పడుకుని ఉంటుంది. చుట్టాలొస్తే కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. స్పీకర్లు మాత్రం దర్జాగా నిలబడతాయి.

ఆయన ఆఫీసు భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. అందుకే కాలనీలో అందరికీ లిఫ్టాయన, ఆయన భార్య లిఫ్టాయన గారి ఆవిడ. ఇరుక్కుపోయిన లిఫ్టును కదిలించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఆ ధైర్యంతోనే కరెంటుతో నడిచే ప్రతిదీ తన మాట వింటుందని నమ్మేవాడు. ఈ మాట మనం అనడం లేదు. ఇప్పుడు పనిచోట టీ తాగేటప్పుడు ఆయనే అంటాడు. "మీ ఇంట్లో తెలివైనవాడు ఎవడైనా ఉంటే ముందు వాడి చేతిలోంచి రిమోటు లాక్కోండి. నేను మా ఇంట్లో తెలివైనవాణ్ణి, అందుకే చెబుతున్నా" అని మొదలుపెట్టి, తన పరువు తనే తీసుకుంటూ కథంతా చెబుతాడు. చివరి భాగం దగ్గరకొచ్చేసరికి మాత్రం టీ చల్లారిపోయిందని లేచి వెళ్లిపోతాడు.

ఆ సినిమా హాలుకి ఓ గుప్పెడు రిమోట్లుండేవి. టీవీకి ఒకటి, కేబుల్ పెట్టెకి ఒకటి, యాంప్లిఫయరుకి ఒకటి, డిస్కులు వేసే పెట్టెకి ఒకటి, ఇంకొకటి దేనిదో ఆయనకే తెలియదు గానీ పారేయడానికి మనసొప్పలేదు. వాటిని వాడడానికి ఓ వరస ఉంది. ముందు టీవీ వెలగాలి. తర్వాత కేబుల్ పెట్టె. ఆ తర్వాత యాంప్లిఫయరు వేసి, దానికి ఫలానా తీగ నుంచి వినమని చెప్పాలి. వరస తప్పితే బొమ్మ వస్తుంది, మాట రాదు. టీవీకి సొంత గొంతు ఒకటి ఉండేది కానీ, ఇంత సరంజామా పెట్టుకుని ఆ రేకు డబ్బా శబ్దం వినడమేమిటని లిఫ్టాయన దాన్ని మొదటిరోజే నొక్కేశాడు.

ఆవిడ ఇంట్లోనే వండి ఆఫీసులకు భోజనం డబ్బాలు పంపుతుంది. పొద్దున ఒక విడత, సాయంత్రం షిఫ్టు వాళ్లకు ఇంకో విడత. మధ్యాహ్నం పొయ్యి మీద రెండో విడత ఉడుకుతున్నంతసేపూ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఆ కాసేపూ టీవీ చూద్దామనుకునేది. బొమ్మ వచ్చి మాట రాకపోతే మొగుడికి ఫోన్ చేసేది. ఆయన ఏ లిఫ్టు గుంతలోనో తల పైకెత్తి నిలబడి, "నల్ల రిమోటు కాదు, నల్లదే కానీ పొడుగుది" అంటూ చెప్పేవాడు. ఒకరోజు ఆ గుంతలో చేతికి గ్రీజూ, మెడ మీద చెమటా, పైన కేకలేసే మేనేజరూ ఉన్న సమయంలో ఫోన్ మోగింది. "నా నెత్తిన లిఫ్టు వేలాడుతోంది. నీకు సీరియల్ కావాల్సొచ్చిందా?" అని కసురుకున్నాడు. ఆ తర్వాత ఆవిడ నుంచి ఫోన్లు రాలేదు. నేర్చేసుకుందని లిఫ్టాయన సంతోషించాడు. తన శిక్షణ అలాంటిదని ఇద్దరు ముగ్గురితో చెప్పుకున్నాడు కూడా.

ఒక మధ్యాహ్నం పని తొందరగా ముగించుకుని ఇంటికొస్తే తలుపు దగ్గరగా వేసి ఉంది. హాల్లో ఎవరూ లేరు. పొయ్యి సన్నమంట మీద ఉంది. పై ఇంట్లోంచి భార్య నవ్వు వినిపించింది. మెట్లెక్కి చూస్తే, కుట్టుమిషన్ల మధ్య, పుస్తకమంత టీవీ ముందు, భార్యా, ఆ ఇంటి టైలరమ్మా పక్కపక్కన కూర్చుని ఉన్నారు. టైలరమ్మ ఆయన్ని చూసి జాలిగా ముఖం పెట్టింది.

"మీ ఇంట్లో టీవీ పాడైందట కదా అన్నయ్యగారూ. ఇన్నాళ్లైనా మంచి మెకానిక్ దొరకలేదా?"

భార్య పొయ్యి మీద ఏదో మాడుతుందని గబగబా దిగి వెళ్లిపోయింది. ఆ మాట ఆయన ముల్లులా మోసుకు తిరిగాడు. అయినా ఏమీ చేయలేదు. గాయపడ్డ పరువుని ఒళ్లో పెట్టుకుని పెంచుకోవడం ఆయనకు అలవాటే. మరమ్మతు చేయడమే తెలియదు.

చేయక తప్పని పని కూతురి వల్ల వచ్చింది. ఒక్కతే కూతురు. వేరే ఊళ్లో ఓ చిన్న టీవీ ఛానెల్లో, తెర వెనక కూర్చుని వార్తలు టైపు చేస్తుంది. ఒకరోజు సాయంత్రం ఫోన్ చేసి, వాతావరణం చదివే ఆవిడ పెళ్లి చేసుకుని వెళ్లిపోయిందనీ, శుక్రవారం మధ్యాహ్నం వార్తల చివర తనను నిలబెట్టి చూస్తారనీ, బాగా చదివితే ఆ కుర్చీ తనదేననీ చెప్పింది. తర్వాత ఫోన్ అమ్మకు ఇవ్వమంది.

"అమ్మా, ఇక్కడ అందరూ అన్నిటికీ సూపర్ అంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. నువ్వు చూసి చెప్పు. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పు. నువ్వు చెబితేనే నమ్ముతా."

"చెప్పక ఏం చేస్తాను. నీ మొదటి నాటకంలో చెట్టులా నిలబడ్డావని చెప్పింది ఎవరు?" అంది తల్లి.

"అందుకే నిన్ను అడుగుతున్నా."

ఆ ఛానెల్ కేబుల్లో తప్ప ఫోన్లో రాదు. వాతావరణం మళ్లీ వేయరు, దాచరు కూడా. నిన్నటి వాన ఎవడిక్కావాలి? శుక్రవారం లిఫ్టాయన ఒక బ్యాంకు భవనంలో కొత్త తాడు ఎక్కించాలి. ఎంత బతిమాలినా సెలవు దొరకలేదు. కనుక చూడాల్సింది ఆవిడే, ఒక్కతే.

"మరేం ఫరవాలేదు. పైన టైలరు వదిన ఇంట్లో చూస్తాను" అంది భార్య.

ముల్లు లోపలికంటా దిగింది. "మన పిల్ల మొదటిసారి టీవీలో కనబడుతుంటే ఎవరింట్లోనో చూస్తావా? అదీ ఆ పుస్తకమంత దాంట్లో? ఇంట్లో ఇంత పెట్టుకుని?"

"పుస్తకమంతదైనా మాట్లాడుతుంది."

"మనదీ మాట్లాడుతుంది. ఒక్క బటను నొక్కితే మాట్లాడేలా చేస్తాను."

ఆవిడ ఆయన వంక కాసేపు చూసింది. "ఖాయమేనా? ఇది సీరియల్ కాదు."

"నా మీద వదిలెయ్."

ఆమె వదిలేసింది. అసలు తప్పు అక్కడే జరిగిందని ఇప్పుడు లిఫ్టాయన అంటాడు.

అన్ని పెట్టెలనూ ఆడించే రిమోటు ఒకటి కొనుక్కొచ్చాడు. కొట్టువాడు ఎలా పెట్టుకోవాలో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. "నేను లిఫ్టులు చేస్తానండీ" అన్నాడు. కొట్టువాడు ఆ మాటకీ రిమోటుకీ సంబంధమేమిటో తెలియక తలూపి ఊరుకున్నాడు.

సెలవురోజు పొద్దున్నే పని మొదలైంది. లిఫ్టుల పనిలో మొదటి నియమం జనాన్ని దూరంగా పంపేయడం. పసుపుపచ్చ బోర్డు అడ్డం పెట్టి, తలుపులు మూసి, ఖాళీ లిఫ్టుని పైకీ కిందికీ తిప్పి చూస్తారు. అది బాగా తిరిగితే పని అయినట్టు. తర్వాత ఎవరెక్కుతారో, ఎక్కడ నిలబడతారో, ఏ మూల ఏ సామాను పెడతారో బాగుచేసేవాడికి అనవసరం. లిఫ్టాయన ఆ బోర్డు ఇంటికి తెచ్చి హాలు గుమ్మంలో నిలబెట్టాడు. 'పని జరుగుతున్నది. దయచేసి మెట్లు వాడండి' అని ఉంది దాని మీద. భార్య అది చదివి, నిజంగానే మెట్లెక్కి టైలరమ్మ ఇంటికి వెళ్లిపోయింది.

రిమోటుతో వచ్చిన కాగితంలో చీమల బారులా అంకెలున్నాయి. టీవీ పేరు వెతికి, దాని ఎదురుగా ఉన్న అంకెలు నొక్కాలి. ఎర్ర దీపం రెండుసార్లు మిణుకుమంటే పెట్టె మాట విన్నట్టు. మొదటి అంకెలకు టీవీ కదల్లేదు గానీ తలుపు తీసి ఉన్న పడకగదిలో ఏసీ ఆగిపోయింది. రెండో అంకెలకు శబ్దం పెంచమంటే డిస్కు పెట్టె నాలుక బయటపెట్టింది. తగ్గించమంటే లోపలికి లాక్కుంది. లిఫ్టాయన పెంచాడు, తగ్గించాడు. పెట్టె వెక్కిరించింది, వెక్కిరించడం మానింది. పైన నవ్వులు వినబడితే తన గురించేనేమోనని కిటికీ మూసేశాడు.

కాగితం అటకెక్కింది. ఇక పాత రిమోటునీ కొత్త రిమోటునీ ముక్కూ ముక్కూ ఆనించి పడుకోబెట్టి, పాతదాని బటను నొక్కుతూ కొత్తదానికి నేర్పడం మొదలుపెట్టాడు. ఇది చంటిపిల్లకు మాటలు నేర్పినట్టు సాగింది. చెయ్యి కాస్త కదిలితే నేర్చుకున్నది మర్చిపోయేది. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని ఆపుకున్నాడు. అయినా ఆగలేదు. మళ్లీ మొదటినుంచి నేర్పాడు.

అసలు పాట్లు ఒక్క బటను దగ్గర వచ్చాయి. ఒక నొక్కుకు టీవీ, కేబుల్ పెట్టె, యాంప్లిఫయరు, దాని తీగ, శబ్దం ఇన్నీ వరసగా జరగాలి. టీవీ నిద్రలేవడానికి బద్ధకిస్తుంది. అది ఆవులించేలోపే మిగతా మాటలన్నీ అయిపోయేవి. మధ్యలో కాస్త ఆగి చెప్పమని రిమోటుకి నచ్చజెప్పాడు. ఎక్కువసేపు ఆగమంటే యాంప్లిఫయరు దాకా వచ్చేసరికి రిమోటుకే నిద్ర పట్టేది. తల ప్రాణం తోకకొచ్చింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, సోఫా మధ్యలో, తనకు అలవాటైన చోట కూర్చుని, చెయ్యి చాపి నొక్కాడు. టీవీ వెలిగింది. పెట్టె వెలిగింది. కింది అరలో టిక్కుమంది. హాలంతా ఎవరో అమ్మాయి సబ్బు గురించి గంభీరంగా మాట్లాడింది. లిఫ్టాయన లేచి నిలబడి, ఎవరూ లేని హాల్లో కాలరెగరేశాడు.

భార్యను పిలిచి సోఫాలో కూర్చోబెట్టి ఆమె చేతికి రిమోటు ఇచ్చాడు. ఎర్ర బటను మీద చిన్న గుడ్డముక్క అంటించి ఉంది, తడిమినా తెలిసేలా.

"నొక్కు."

ఆమె నొక్కింది. అన్నీ వెలిగాయి, అన్నీ పలికాయి. ఆమె ముఖంలో ఆశ్చర్యం చూసి లిఫ్టాయనకు కడుపు నిండిపోయింది.

"ఒక్కసారే నొక్కాలి. గుర్తుపెట్టుకో. రెండోసారి నొక్కావంటే వెలిగినవన్నీ ఆరిపోతాయి."

"ఒక్కసారే" అంది ఆమె. ఆ మాట లోలోపల మళ్లీ అనుకున్నట్టు పెదాలు కదిలాయి.

శుక్రవారం పొద్దున పనికి వెళ్తూ పాత రిమోట్లన్నీ సంచిలో వేసుకున్నాడు. ఇంట్లో ఉంటే చెయ్యి అలవాటుగా వాటి మీదికే పోతుందని భార్యతో అన్నాడు. అసలు కారణం పనిచోట వాళ్లకు చూపించి, ఇవన్నీ కలిసి ఒక్క బటనైపోయాయని చెప్పుకోవడం. మధ్యాహ్నం బ్యాంకు లిఫ్టు కప్పు మీద కూర్చుని తాడు బిగిస్తూ, ఈపాటికి నొక్కి ఉంటుంది, ఈపాటికి పిల్ల కనబడి ఉంటుంది, ఈపాటికి నా గురించి మంచిగా అనుకుంటూ ఉంటుంది అని లెక్కేసుకున్నాడు. తోటివాడు స్పానరు అడిగితే నవ్వు ముఖంతో సుత్తి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ డబ్బాలు మూతలు పెడుతోంది. లిఫ్టాయన చెప్పులు విప్పకుండానే అడిగాడు.

"చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"బాగుంది. నీలం రంగు వేసుకుంది. చెయ్యి బాగా తిప్పింది, మ్యాపు మీద."

"శబ్దం?"

"బాగుంది" అంటూ ఆమె ఇంకో మూత బిగించింది.

"గొంతు నిండుగా వచ్చిందా? వెనక స్పీకర్లలో కూడా?"

"అంతా బాగుందన్నానుగా. పిల్లకీ ఫోన్ చేసి చెప్పాను."

లిఫ్టాయన ఈలోకంలో లేడు. చేతులైనా కడుక్కోకుండా కూతురికి ఫోన్ కలిపి, స్పీకరు మీద పెట్టి, సోఫాలో వెనక్కి వాలాడు.

"తల్లీ, చూశావా మీ అమ్మ. ఒక్క బటనుతో నిన్ను ఇంటికి రప్పించుకుంది. ఎవరు పెట్టిన బటను?"

కూతురు నవ్వలేదు. "నాన్నా, అమ్మ దగ్గర్లో ఉందా?"

"వంటింట్లో ఉంది. ఏం?"

"అమ్మ నీతో ఏమంది? నిజంగా ఏమంది?"

"బాగుందంది."

"అదే నాన్నా. నాతోనూ అదే అంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా బాగుందట. మధ్యలో నాకు దగ్గొచ్చింది. అలాంటిలాంటి దగ్గు కాదు. ఆపుకుందామంటే ఆగలేదు. మ్యాపు వైపు తిరిగి దగ్గాను. తిరిగి మొదలుపెట్టేటప్పుడు గొంతు గరగరలాడింది. అందరూ సూపర్ అన్నారు, అంటారని తెలుసు. అమ్మ కూడా దగ్గు సంగతే ఎత్తలేదు. నేను బాధపడతానని దాచింది. అమ్మ కూడా అలా మొదలుపెడితే ఇంక నేను ఎవర్ని అడగాలి? అంత ఘోరంగా ఉందా నాన్నా? ఆ కుర్చీ నాకొద్దని చెప్పేయనా?"

లిఫ్టాయన తల తిప్పి చూశాడు. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో మూత అలాగే ఉంది.

"దగ్గిందా?" అంది ఆమె, మెల్లగా. "ఎప్పుడు?"

లిఫ్టాయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తెలివైనవాడు కదా, ముందు మిగతా కారణాలన్నీ వెతికాడు. కేబుల్ వాడి తప్పేమో. బ్యాటరీలేమో. ఛానెల్లోనే మైకు పాడైందేమో. ఒక్కొక్కటే ఆయన కళ్ల ముందుకొచ్చి, ఆమె ముఖం చూసి, వచ్చిన దారినే పోయింది.

"ఉండు తల్లీ, పెట్టెయ్యకు" అని ఫోన్ సోఫా మీద బోర్లించాడు. వంటింటి దగ్గరకెళ్లి గొంతు తగ్గించి అడిగాడు. "శబ్దం రాలేదా?"

ఆమె రాలేదన్నట్టు తల ఊపింది.

"మరి నాకు ఫోన్ చేయొచ్చుగా."

"మీ నెత్తిన లిఫ్టు వేలాడుతుంటుంది కదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"ఇంకోసారి నొక్కి చూడాల్సింది."

"రెండోసారి నొక్కితే అన్నీ ఆరిపోతాయన్నారుగా. మాట లేకపోతే లేకపోయింది, బొమ్మ కూడా పోతే ఎలాగని భయమేసింది. కనీసం పిల్లని చూడనీ అనుకున్నాను." ఆమె మూత బల్ల మీద పెట్టింది. "మొదట అందరూ అలాగే ఊరికే నిలబడి చెయ్యి తిప్పుతారేమో, తర్వాత మాట్లాడుతుందేమో అనుకున్నా. తర్వాత పెదాలు కదిలాయి. అది వెనక్కి తిరిగితే మ్యాపు చూపిస్తోందనుకున్నా. అప్పుడే దగ్గినట్టుంది."

"అలాంటప్పుడు బాగుందని ఎందుకు చెప్పావు?"

"ఏం చెప్పమంటారు? మీ నాన్న పెట్టిన రిమోటు పనిచేయలేదని చెప్పనా? ఆదివారమంతా కిటికీలు మూసుకుని కూర్చున్నారు దానికోసం."

ఆ ఇంట్లో ముఖం మీద నిజం చెప్పడం ఒక్క ఆమెకే చేతనవుతుంది. ఆ ఒక్క మనిషీ తన కోసం కూతురికి అబద్ధం చెప్పింది. లిఫ్టాయనకు సిగ్గేసింది. సిగ్గు పడితే ఊరుకునే మనిషి కాదు కనుక ముందు రిమోటు అందుకున్నాడు. సోఫా మధ్యలో నిలబడి నొక్కాడు. అన్నీ వెలిగాయి, అన్నీ పలికాయి. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"పనిచేస్తోందే" అన్నాడు.

"మీకు పనిచేస్తుంది."

"నువ్వు ఎక్కడ నుంచి నొక్కావు?"

ఆమె వంటింటి గుమ్మంలో గోడవారగా ఉన్న పీట చూపించింది. పొట్టి చెక్కపీట. దాని మీద ఎప్పుడూ ఉల్లిపాయల బుట్ట ఉంటుందని లిఫ్టాయన అనుకునేవాడు. బుట్ట దించి పెట్టుకుని కూర్చోవచ్చని ఆయనకు తట్టలేదు.

"ఎప్పుడూ అక్కడే కూర్చుంటావా?"

"పొయ్యి కనబడాలి కదా. సోఫాలో కూర్చుంటే ఏది పొంగిందో ఎలా తెలుస్తుంది?" అంది ఆమె, వివరించడానికి ఇందులో ఏముందన్నట్టు. "ఈ డబ్బాల పని మొదలైనప్పటినుంచీ అక్కడే."

ఆయన అన్నీ ఆర్పేసి, వెళ్లి పీట మీద కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. చెయ్యి చాపి బటను నొక్కాడు. టీవీ వెలిగింది. కేబుల్ పెట్టె వెలిగింది. కింది అర నుంచి టిక్కు వినబడలేదు. రిమోటు ముక్కులోంచి వచ్చే వెలుతురు కంటికి కనబడదు గానీ, దారికి ఏదైనా అడ్డముంటే దాటలేదు. ఆ పీటకీ యాంప్లిఫయరుకీ మధ్య కుడివైపు స్పీకరు నిలబడి ఉంది, రొమ్ము ఎత్తున, నున్నగా తుడిచి, ఆయన ముద్దుగా చూసుకునే స్పీకరు. అది దారికే కాదు, తెరకూ అడ్డంగా ఉంది. అక్కడ నుంచి చూస్తే సగం తెరే కనబడుతుంది. మిగతా సగం ఉన్న చోట స్పీకరు పక్కభాగం, దాని వెనక ఆయన ఎప్పుడూ తుడవని దుమ్ము. ఇన్నేళ్లుగా అంత పెద్ద టీవీలో ఆమె చూసింది ఆ సగమే. పైన టైలరమ్మ ఇంట్లోని పుస్తకమంత టీవీ పూర్తిగా కనబడుతుంది.

"కాస్త మెడ వంచితే ఇంకొంచెం కనబడుతుంది" అంది భార్య, ఆయన ముఖం చూసి ఓదారుస్తున్నట్టు.

ఖాళీ లిఫ్టుని పైకీ కిందికీ తిప్పి, బాగుందని సంతకం పెట్టి వచ్చేసిన మనిషి ఆయన. లోపల ఎవరుంటారో ఎన్నడూ చూడలేదు.

సోఫా మీద బోర్లించిన ఫోన్లోంచి "నాన్నా, హలో" అని వినబడుతోంది. ఆయన లేచి వెళ్లి అందుకున్నాడు. బ్యాటరీ అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"తల్లీ, మీ అమ్మ నీ దగ్గు దాచలేదు. అసలు వినలేదు. నీ మాట ఒక్కటి కూడా వినలేదు. నా రిమోటు పనిచేయలేదు. నా పరువు పోతుందని బాగుందని చెప్పింది."

అవతల కూతురు నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక, ఊపిరి తిరగక, మధ్యలో దగ్గుతూ నవ్వింది. "ఆ ఒక్క బటనా నాన్నా? ఎవరు పెట్టిన బటను?" అంటూ మళ్లీ నవ్వింది. లిఫ్టాయన కుక్కిన పేనులా విన్నాడు. ఇంతకుముందు ఎవరైనా అలా నవ్వితే ఆయన రెండ్రోజులు మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు ఆ నవ్వు ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

"అయితే అమ్మ అబద్ధం నా గురించి కాదన్నమాట" అంది కూతురు చివరికి. "అమ్మకివ్వు."

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏదీ, కాగితం ఉందా నీ దగ్గర? అయితే ఇప్పుడు చదువు. మొత్తం. దగ్గొస్తే దగ్గు. వింటాను."

లిఫ్టాయన చటుక్కున లేచాడు. "ఒక్క నిమిషం. ఫోన్ని యాంప్లిఫయరుకి కలిపేస్తాను. అన్ని స్పీకర్లలోనూ..."

"మీరు దాని జోలికి వెళ్లకండి" అంది భార్య. ఫోన్ స్పీకరు కూడా ఆపేసి చెవికి గట్టిగా ఆనించుకుంది. సోఫాలోకి కాదు, అలవాటుగా పీట దగ్గరికే నడిచింది. ఆయన ఆమె కంటే ముందు చేరి దాని మీద కూర్చుండిపోయాడు. ఆమె ఒక క్షణం ఆగి, చేసేదిలేక వెనక్కి తిరిగి సోఫాలో కూర్చుంది. సోఫా మధ్యలో, ఆయన చోట్లో.

పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. లిఫ్టాయన ఒక కన్ను అటు వేసి, పీట మీద ముడుచుకుని కూర్చుని, స్పీకరు పక్కనుంచి మెడ వంచి చూశాడు. భార్య కళ్లు మూసుకుని వింటోంది. ఒకసారి కనుబొమలు ముడిపడ్డాయి. ఒకసారి పెదవి విరిచింది, ఏదో నచ్చనట్టు. మధ్యలో ఒకచోట ఆమె ముఖం విప్పారింది. అంత విప్పారడం ఆయన ఈ మధ్య ఎన్నడూ చూడలేదు. ఏ మాటకి అలా అయిందో, అవతల తన పిల్ల గొంతు ఎలా ఉందో ఆయనకేమీ వినబడలేదు. ఒక్క మాట కూడా. వినాలని చచ్చేంత కోరికగా ఉన్నా, శబ్దం పెంచమని అడగలేదు.

చాలాసేపటికి ఆమె కళ్లు తెరిచింది.

"గాలి వేగం దగ్గర పరిగెత్తావు. అక్కడ ఊపిరి తీసుకో. చివర్లో నవ్వావా లేదా, ఫోన్లో తెలియడం లేదు. మధ్యాహ్నం టీవీలో మాత్రం నవ్వలేదు, అది తప్పే. మిగతాది బాగుంది. ఈసారి నిజంగానే చెబుతున్నా. ఆ కుర్చీ వదులుకోకు." ఆమె అవతలి మాట వింది. వింటూ లిఫ్టాయన వైపు చూసింది. "ఆ, ఉన్నారు. పొయ్యి చూస్తున్నారు."